సొంత ఊళ్లోనే పురుడు

ప్రశ్న: కెనడా ఉత్తరాది మారుమూల ఊళ్లలోని ఇన్యుయిట్ ఆదివాసీ గర్భిణులను కాన్పుకు వారాల ముందే విమానంలో దూర నగరాలకు పంపుతారని విన్నాను. ఊళ్లోనే పురుడు పోయడం క్షేమమేనా?

జవాబు: చాలామందికి క్షేమమేనని హడ్సన్ అఖాతం ఒడ్డునున్న పువిర్నితుక్ అనే ఊరి అనుభవం చెబుతోంది. స్థానిక స్త్రీల పట్టుదలతో 1986లో అక్కడ ప్రసూతి కేంద్రం తెరుచుకోగా, ఆ ప్రాంతపు ఆడపడుచులే మంత్రసానులుగా శిక్షణ పొంది, నొప్పులు పడుతున్న తల్లికి వారి సొంత ఇనుక్టిటుట్ భాషలోనే ధైర్యం చెబుతూ బిడ్డను చేతుల్లోకి అందుకుంటున్నారు. తర్వాత ఇనుక్జువాక్, సల్లూయిట్ ఊళ్లలోనూ ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. ప్రతి గర్భాన్నీ ముందుగానే సమీక్షించి, ప్రమాదం ఎక్కువున్నవారిని మాత్రం మాంట్రియల్ నగరానికి పంపుతారు. పెద్ద పిల్లలను ఇంట్లో వదిలి, తన భాష తెలియని ఆసుపత్రిలో ఒంటరిగా రోజులు లెక్కపెట్టుకోవడం కూడా తల్లికి హానికరమే; దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఈ సేవలు విస్తరించాలంటే స్థానిక యువతులకు సొంత ఊళ్లోనే శిక్షణ, నిలకడైన జీతం దక్కాలి.