‘ఆయ్’ అన్నారు, మరి అర్థమైందా?

ప్రశ్న: బాబాయి గారూ, భీమవరం దగ్గర ఓ రొయ్యల ప్లాంటులో ఏడాదిగా షిఫ్టు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మొన్న రాత్రి చెరువు దగ్గర్నుంచి కొనుగోలు అబ్బాయి వాట్సాప్ గ్రూపులో ‘రెండో లోడు 40’ అని పెట్టాడు. సైజుల గ్రేడింగ్ చూసే అక్కకి నేను ‘ఈ లోడు 31-40’ అని చెప్పాను. ‘ఆయ్’ అంది. తీరా చూస్తే సరుకు అంతకంటే పెద్దది. ట్యాగులన్నీ మార్చేసరికి తెల్లారింది. టెన్షన్‌లో నలభై మంది ముందు అక్కని గట్టిగా అనేశాను. ఆవిడది ఇరవై ఏళ్ల అనుభవం. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. ఏం కావాలన్నా ఐసు మోసే కుర్రాడితో కబురు పెడుతోంది. మేనేజరు గారికి చెప్పెయ్యనా?
– ఓ సోదరి

జవాబు: అప్పుడే వద్దమ్మా. ముందు ఆ ‘40’ సంగతి చూడు. చెరువు గట్టు మీద కౌంటంటే తలతో సహా కిలోకి ఎన్ని తూగుతాయన్నది. మీ హాల్లో లెక్క తల తీశాక, అదీ పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి. గట్టు మీద 40 కౌంటంటే ఒక్కో రొయ్య 25 గ్రాములు. తల పోతే పదహారు గ్రాముల చిల్లర మిగులుతుంది. అంటే పౌనుకి 26-30 వరసలో పడాలి. ఆ అబ్బాయి తన లెక్కలో సరిగ్గానే రాశాడు. నీ దగ్గర అది వేరే లెక్కయిపోయింది.

కానీ నాకు అంతకంటే పట్టిన విషయం ఇంకోటుంది. ఇరవై ఏళ్లు రొయ్యని చేత్తో పట్టి చూసిన మనిషికి ఆ సైజు తెలియలేదంటే నేను నమ్మను. తెలిసీ ‘ఆయ్’ అని ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో ఆవిడ్ని అడిగావా?

నేను ముప్పై ఏళ్లు కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాను. ఒక దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు వంతులవారీగా ఇస్తున్నాం. పొద్దుగూకే వేళ బండి దిగకుండానే, కాలవ తలుపులు ఎత్తి దించే మా లస్కరుకి ‘రాత్రికి రెండు దించెయ్’ అని కేకేశాను. ‘ఆయ్’ అన్నాడు. నా ఉద్దేశం పై కాలవ తూముకి రెండు తలుపులూ దించమని. ఆయన మర రెండు చుట్లు మాత్రమే తిప్పి దించాడు, నీళ్లు పై కాలవలోకే పోయాయి. తెల్లారేసరికి శివారు రైతులు గట్టు మీద ఉన్నారు. చేలు పొట్ట మీదున్నాయి, చుక్క నీరు రాలేదు. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాణ్ణి వాళ్లందరి ముందూ నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన భుజమ్మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పల్లెత్తు మాట అనలేదు.

తర్వాత పదకొండు రోజులు కాలవ నీటిమట్టం చూపే గేజీ రీడింగు చీటీ మీద రాసి కొడుకుతో పంపాడు. నాకు అన్నం సయించలేదమ్మా. పన్నెండో రోజు అదే టీ కొట్టు దగ్గర, అదే రైతులుండగా వెళ్లి ‘రెండు ఏమిటో నేను చెప్పలేదు, తప్పు నాది’ అన్నాను. ఆయన నా వంక చూసి, ‘గేజీ మూడడుగుల రెండంగుళాలుందండి’ అన్నాడు. పన్నెండు రోజుల తర్వాత విన్న మొదటి మాట అదే.

నువ్వు కూడా ఆవిణ్ణి పక్కకి పిలిచి గుసగుసగా సారీ చెప్పొద్దు. నలభై మంది ముందు అన్నావు, ఆ నలభై మంది ఉన్నప్పుడే చెప్పు. అక్కడ సంజాయిషీలు మొదలెట్టకు. కౌంటు లెక్కల గొడవ మర్నాడు మాట్లాడుకోవచ్చు.

ఇక ఆ వాట్సాప్ గ్రూపు. సాధారణంగా ప్రాసెసింగ్ హాల్లోకి ఫోన్లు రానివ్వరు, అందరి చేతికీ గ్లవుజులుంటాయి. పని చేసేవాళ్లు చూడని చోట రాసి ఏం లాభం? హాలు గుమ్మం దగ్గర బోర్డు పెట్టించు. లోడు ఎన్నింటికి వస్తుంది, గట్టు మీద కౌంటు ఎంత, తల తీశాక ఎంత పడొచ్చు, ఈ మూడూ రాయి. ఆ మూడోది మాత్రం నువ్వు వెయ్యకు. మొదటి ట్రే బల్ల మీదికి రాగానే ఓ గుప్పెడు తూచి చూసి, అక్క చెప్పిన అంకె వెయ్యి. ట్యాగులు ఆ తర్వాతే.