జులూ కుర్రాడి కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గొయ్యి, గొయ్యి మీద సాలెగూడులా అల్లుకున్న తాళ్ళు, తోలు బకెట్లు, దుమ్ము, అదంతా బాగా పట్టావ్, అంచున నిలబడి కిందకి చూసే సీన్‌లో నాకు నిజంగానే కాళ్ళు వణికాయి. కానీ ఆ జులూ తెగ కుర్రాడి దగ్గరికొచ్చేసరికి మనసు ఒప్పుకోలేదు, అందుకే ఇంత రాత్రి కూర్చుని రాస్తున్నా.

"పొట్ట చేత పట్టుకుని వచ్చిన జులూ కూలీ" అన్నావు చూడు, అక్కడే తేడా వచ్చింది. అది మన వలస కథల్లోంచి నీ చేతికి అలవాటుగా వచ్చిన మాట. 1871లో కింబర్లీ గుట్ట దగ్గర వజ్రాలు బయటపడ్డాక నడిచొచ్చిన ఆఫ్రికన్ కుర్రాళ్ళలో చాలామందికి ఊళ్ళో భూమి ఉంది, పశువులున్నాయి, వాళ్ళు లెక్కేసుకుని వచ్చారు. మూణ్ణెల్లో ఆర్నెల్లో పని, ఆ డబ్బుతో ఒక తుపాకీ, లేదంటే పెళ్ళికి పిల్ల తండ్రికి ఇవ్వాల్సిన లొబోలా పశువులు, ఆ తర్వాత ఇంటికి. నీ వాడి తలలో ఆ లెక్క నడవాలి, ఎన్ని వారాలైంది ఇంకెన్ని మిగిలాయి అని. అది లేకపోతే వాడు జాలిపడ్డానికి నిలబెట్టిన బొమ్మలా ఉంటాడు.

తర్వాత, వాడు ఏ జులూ? ఇది తేల్చకుండా ఒక్క లైనూ రాయకు. తుగేలా నదికి ఉత్తరాన జులూ రాజ్యం, అక్కడ వయసొచ్చిన కుర్రాళ్ళు అమాబుతో అనే దళాల్లో రాజుకి పని చెయ్యాలి, రాజు అనుమతి ఇచ్చేదాకా పెళ్ళి కూడా లేదు, కాబట్టి అక్కణ్ణించి గనులకి వచ్చినోళ్ళు తక్కువ. నదికి దక్షిణాన నటాల్, బ్రిటిష్ కాలనీ, అక్కడ 1849 నుంచి గుడిసెకి 7 షిల్లింగుల పన్ను, 1875లో 14 చేశారు. గనుల దగ్గర తెల్లవాళ్ళు నటాల్ నుంచి వచ్చిన వాళ్ళందర్నీ కలిపి జులూలు అనేసేవాళ్ళు. నన్నడిగితే నీ వాడు నటాల్ వాడే అవ్వాలి. పక్కన పెడి, త్సోంగా, సోతో తెగల వాళ్ళు కూడా ఉండాలి, గోతిలో అసలు సంఖ్య వాళ్ళదే ఎక్కువ.

ఇంకో పెద్ద తప్పు, 1872లో వాణ్ణి కాంపౌండ్‌లో పెట్టి తాళం వేశావు. పైన వైర్ మెష్ కప్పి, పని ఒప్పందం అయ్యేదాకా గేటు దాటనివ్వని ఆ కాంపౌండ్లు 1885 నుంచే వచ్చాయి. 1872లో ఉన్నది పాస్, అంటే వాడు ఏ యజమాని దగ్గర పనిచేస్తున్నాడో చెప్పే కాగితం. కాగితం లేకుండా దొరికితే శిక్ష, వారెంట్ లేకుండా ఒళ్ళు తడిమి వెతకడం. కాగితం మీద వాడి పేరు కూడా యజమానికి నోరు తిరిగిందే, వాడి తండ్రి పెట్టింది కాకపోవచ్చు. అదే వాడికి ఊరివాడు ఒకడు ఎదురై వంశం పేర్లు వరసగా పొగుడుతూ పలకరిస్తే (ఇజితకజేలో అంటారు వాటిని) ఎలా ఉంటుంది? దొంగిలించిన వజ్రం క్లైమాక్స్ తీసేసి ఆ పలకరింపు పెట్టు, వందమంది రాసిన దొంగతనం నీకెందుకు.

నీ కథలో పెట్టమని కాదు గానీ ఒక సంగతి తెలిసుండాలి. మద్రాసు నుంచి మనవాళ్ళనీ తమిళుల్నీ ఎక్కించుకుని మొదటి ఓడ 1860లో డర్బన్ చేరింది, చెరుకు తోటలకి. 1866లో ఆగిన ఆ ఓడలు 1874లో మళ్ళీ మొదలవడానికి ఒక కారణం నటాల్ కుర్రాళ్ళు తోటల వైపు చూడకుండా కింబర్లీకి నడిచిపోవడమే. నీ వాడు వదిలేసిన పనికి మన ఊళ్ళవాళ్ళు వెళ్ళారు. అది చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నా.

ఇప్పుడు అసలు కథ చెప్తా. నటాల్‌లో హ్లుబీ అని ఒక తెగ, వాళ్ళ పెద్ద లంగాలిబలేలే. వాళ్ళ కుర్రాళ్ళు గనుల్లో సంపాదించిన తుపాకులతో తిరిగొస్తుంటే అవన్నీ తెచ్చి రిజిస్టర్ చేయించమంది ప్రభుత్వం. ప్రభుత్వం పిలిచినా ఆ పెద్దాయన వెళ్ళలేదు, చివరికి జనాన్నీ పశువుల్నీ తోలుకుని డ్రాకెన్స్‌బర్గ్ కొండలు దాటాడు. 1873 నవంబర్ 4న కనుమలో కాల్పులు జరిగాయి, తర్వాత ప్రభుత్వం హ్లుబీల భూములు లాక్కుంది, పశువుల్ని తోలుకుపోయింది, ఆయన్ని రాబెన్ ఐలాండ్ అనే జైలు దీవికి పంపింది. ఆయన తరఫున గట్టిగా మాట్లాడిన తెల్లాయన నటాల్ బిషప్ కొలెన్సో.

నీ కుర్రాణ్ణి హ్లుబీ వాణ్ణి చెయ్యి. తెల్లవాళ్ళు జులూ అంటుంటే వాడు కాదు అనుకుంటూ ఉండనీ. కథ గోతిలో మొదలుపెట్టకు, తిరిగొచ్చే దారిలో మొదలుపెట్టు. 500 కిలోమీటర్లకి పైగా నడిచి, భుజాన తుపాకీతో, కొండ దిగుతున్నాడు, నవంబర్ నెల, పొద్దున్నే, పశువుల దొడ్డి వైపు నుంచి ఒక్క అరుపు కూడా వినిపించట్లేదు. ఆ ఒక్క పేజీ రాసి పంపు, మిగతాది ఫోన్లో మాట్లాడుకుందాం.