ట్రయాథ్లాన్‌కి లంకావి వెళ్తూ ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాలంటే

కాకినాడ నుంచి నవంబరులో మలేషియాలోని లంకావి దీవిలో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్‌కి వెళ్తున్నాం, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, అమ్మ వెంట వస్తున్నారు, ఎలా సిద్ధం కావాలి అని అడిగారు కదండీ. నేను అమలాపురం నుంచి మా ఆయన, పిల్లలు, అత్తయ్యగారితో అదే రేసుకి వెళ్లొచ్చాను. సైకిల్ గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. అందుకే ముందు ఇంట్లోవాళ్ల సంగతి చెబుతాను.

హాఫ్ ఐరన్‌మ్యాన్ అంటే వరసగా 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. అవి పూర్తయ్యేదాకా మీరు ఇంట్లోవాళ్లకి ఫోన్‌లో కూడా దొరకరు. పరాయి దేశంలో ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ భారం మొత్తం మీ ఆవిడ మీదే పడుతుంది. కాబట్టి మీ రేసు ప్లాన్ ఎంత శ్రద్ధగా వేసుకుంటారో, వాళ్ల రోజుని కూడా అంత శ్రద్ధగా, ఆవిడతో కూర్చుని ప్లాన్ చేయండి. టిఫిను ఎక్కడ, అమ్మగారి మాత్రలు ఎప్పుడు, ఎండలో పిల్లలు నీరసిస్తే గదికి ఎవరు తీసుకెళ్లాలి, అన్నీ కాగితం మీద ఉండాలి. ఫినిష్ లైన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో హోటల్ తీసుకోండి. ఆ రోజు రోడ్లు మూసేస్తారు, ట్యాక్సీల మీద ఆధారపడితే టెన్షనే. పిల్లల్ని తెల్లవారుజామున స్టార్ట్ దగ్గరికి లాక్కెళ్లొద్దు. మలేషియా టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ నాలుగింటికి లేపారంటే వాళ్లకి అది అర్ధరాత్రి ఒంటిగంటన్నర. నిద్రపోనివ్వండి. మీరు ఎక్కడిదాకా వచ్చారో ట్రాకర్ యాప్‌లో కనిపిస్తుంది, పరుగు మొదలయ్యాక వస్తే చాలు.

ఇక అమ్మగారి భయం. గోదావరి ఒడ్డున బతికినవాళ్లకి నీళ్లు ఏం చేయగలవో బాగా తెలుసు. ఏటా వేసవిలో కాలవల్లో, రేవుల్లో మునిగిపోయిన పిల్లల వార్తలు వింటూనే ఉంటాం. అలాంటి ఆవిడకి కొడుకు సముద్రంలో రెండు కిలోమీటర్లు ఈదుతాడంటే గుండె దడే. మా అత్తయ్యగారూ అంతే. "ఏం కాదులెండి" అంటే ఆ భయం పోలేదు, నన్ను ఈదుతుండగా చూశాకే తగ్గింది. హోప్ ఐలాండ్ అడ్డు ఉండడంతో మీ కాకినాడ అఖాతంలో అలలు తక్కువ. తెలిసినవాళ్ల పడవ పక్కన పెట్టుకుని ఈదండి, ఆ పడవలో అమ్మగారిని కూర్చోబెట్టండి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ దిగొద్దు. లంకావిలో కూడా రేసు ముందు రోజు ఈత జరిగే చోటు ఆవిడకి చూపించండి. రేసులో కయాక్‌ల మీద రక్షకులు కాపలా ఉంటారని అక్కడే చెప్పండి.

మన ఉక్కపోత అలవాటైన ఒంటికి లంకావి వేడి కొత్తేమీ కాదు, అది మీకు లాభం. కానీ అక్కడి రోడ్లకి ఎత్తుపల్లాలు ఎక్కువ. మన డెల్టాలో ఎక్కడం అంటే చించినాడ వంతెనో, యానాం–ఎదుర్లంక వంతెనో! అవి సరిపోవు. రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్‌లో తొక్కండి. ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ ప్రాక్టీసు చేయండి.

కాగితాల పని: భారతీయులకి 2023 డిసెంబరు నుంచి మలేషియాలో 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు, ఈ వెసులుబాటుని 2026 డిసెంబరు 31 దాకా పొడిగించారు. డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం పిల్లలతో సహా అందరికీ, చేరడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. అది ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్లని నమ్మకండి. పాస్‌పోర్టులకి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్సులో పోటీల్లో తగిలే దెబ్బలు చాలాసార్లు చేర్చరు, ఆ షరతులు చదివి తీసుకోండి. సైకిల్ ఖరీదైనదైతే వెళ్లేటప్పుడే బిల్లు, ఫ్రేమ్ నంబరు చూపించి కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. అది ఉంటే తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

రాజమండ్రి నుంచి చిన్న ఏటీఆర్ విమానం అయితే సైకిల్ పెట్టె ఎక్కించుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. మేము కారులో హైదరాబాద్ వెళ్లి అక్కడి నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్లాం, సుఖంగా ఉంది. టైర్లలో గాలి తగ్గించండి, పెడళ్లు విప్పండి. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే పెట్టుకోండి. టైర్లలో గాలి నింపే గ్యాస్ కార్ట్రిడ్జిలు ఇక్కడి నుంచి మోయకుండా అక్కడే కొనుక్కోండి.

వంటగది ఉన్న గది దొరికితే వదలొద్దు. రేసు ముందు రాత్రి ఒంటికి అలవాటైన పప్పన్నం, పెరుగన్నం మించింది లేదు. చిన్న కరెంటు కుక్కరు, అక్కడి మూడు పిన్నుల ప్లగ్గుకి అడాప్టరు పట్టుకెళ్లండి. ఆవకాయ చెకిన్ లగేజీలో పెట్టండి.

కేబుల్ కారు, పడవ షికార్లు అన్నీ రేసు అయ్యాకే అని పిల్లలకి ఇక్కడే చెప్పేయండి. పిల్లల్ని సముద్రంలోకి దించేముందు జెల్లీఫిష్ ఉన్నాయేమో లైఫ్‌గార్డుని అడగండి. నవంబరు మనకి తుఫాన్ల నెల కాబట్టి, రేసుకి కనీసం నాలుగు రోజుల ముందు అక్కడ ఉండేలా టికెట్లు తీసుకోండి.