కాలు లేపిందెవరు?

అబ్బీ,

కథ అందింది, కూర్చున్నచోటే చదివేశా. ప్రొద్దుటూరు మగ్గం ఇల్లు, గుంటలో కాళ్లు పెట్టి నేసే నాన్న, ఆయనకు పక్షవాతం, అంతా బాగానే పట్టుకున్నావు. అసలు చోట, అంటే ఫిజియోథెరపీ గదిలో మాత్రం చేతులెత్తేశావు. ‘పట్టుదలతో ఆయన కాలు కదిలింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? పట్టుదల ఎంతున్నా కాలికి ఆజ్ఞ వెళ్లాల్సింది మెదడు నుంచే, ఆ దారి తెగింది కదా, ఇప్పుడు ఆ కబురు పంపడానికి పడే అవస్థే నీ కథ.

ముందు కొన్ని దిద్దుకో. ఎడమ మెదడులో రక్తం గడ్డకట్టిందని రాసి ఎడమకాలే పడిపోయిందన్నావు. మెదడు నుంచి దిగే కదలిక నరాల్లో చాలాభాగం వెన్నుపాము మొదలయ్యే చోటే అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి, కాబట్టి పడిపోయేది కుడికాలు. పోనీ కుడికాలని మార్చేద్దామంటే ఇంకో చిక్కుంది, చాలామందికి మాట కూడా ఎడమ మెదడులోనే ఉంటుంది, అప్పుడు నాన్న అన్నన్ని డైలాగులు చెప్పలేకపోవచ్చు. మాటలు కావాలంటే గడ్డను కుడివైపు పెట్టు, ఎడమకాలు అలాగే ఉండనీ. చెయ్యి ముందు బాగై కాలు ఆలస్యమైందన్నావు, ఎక్కువమందిలో దీనికి తిరగబడి జరుగుతుంది. కాలిని ఆడించే భాగం మెదడు రెండు సగాల మధ్య సందులో, లోపలి గోడకు ఉంటుంది, తరచూ మూసుకుపోయే రక్తనాళం దెబ్బ చెయ్యి, ముఖం భాగాల మీదే ఎక్కువ. అందుకే కర్ర పట్టుకుని నడిచేసే మనిషికి కూడా చొక్కా గుండీ పెట్టుకోవడం రాదు.

ఇక గదిలోకి రా. ఫిజియో మడమ కింద చెయ్యి పెట్టి కాలు లేపాడు, సరే, కానీ లేపిందెవరు? అతనే లేపి దించితే కీలు బిగుసుకోకుండా ఉంటుంది, కాలు ఎక్కడుందో మెదడుకు కాస్త తెలుస్తుంది. ‘పాదం నీ వైపు లాగు పెద్దాయనా, నేను పట్టుకుంటా, నువ్వు లాగు’ అన్నాడా, అప్పుడిక పని వేరు. మెదడు ఆజ్ఞ పంపాలి, అనుకున్న కదలికకూ జరిగినదానికీ తేడా చిన్నమెదడు చూసుకోవాలి, మరుసటి ప్రయత్నంలో సవరించాలి. చచ్చిన కణాలు తిరిగి రావు, మిగిలిన దారులే వాడగా వాడగా బలపడతాయి. బయటికి కనిపించేది ఇదేమీ కాదు. పాదం కదలదు. ఊపిరి బిగబట్టాడు, పై పెదవి మీద చెమట, బాగున్న కాలి వేళ్లు ముడుచుకుంటున్నాయి. ఎన్ని రోజులకో మోకాలి కింద ముందువైపు కండ ఒక్కసారి అదురుతుంది. అక్కడ వేలు ఆనించి ఉంచిన ఫిజియోకే అది ముందు తెలుస్తుంది, నాన్నకు కాదు. ఆ వేలు నీ కథలో లేదు.

మనం నడిచేటప్పుడు అడుగు గురించి ఆలోచించం, ఆ అడుగుల లయ చాలావరకు కింద వెన్నుపామే చూసుకుంటుంది (పిల్లుల్లో గ్రాహం బ్రౌన్ అనే శాస్త్రవేత్త 1911లోనే చూపించాడు, కథలో మాత్రం దూర్చకు). పక్షవాతం వచ్చినవాళ్లు అడుగడుగుకూ ధ్యాస పెట్టాలి, మధ్యలో పలకరిస్తే చాలామంది ఆగిపోతారు. నీ నాన్నేమో కమ్మీలు పట్టుకుని నడుస్తూనే మగ్గం గురించి పేజీన్నర చెబుతాడు! ఆపి చెప్పించు. పాదం పైకి రాదు కాబట్టి కాలిని బయటికి తిప్పి వేస్తాడు, కడప బండల మీద బొటనవేలు గీరుకుంటుంది, ఆ చప్పుడు వినిపించు. స్పర్శ కూడా పోయిందంటే చెప్పు జారినా తెలియదు, ఆ ఒక్క చెప్పు వాకిట్లోనే ఉండిపోతుంది.

ఇంకోటి, ఫిజియో చేయించేది రోజుకు కాసేపే. మిగతా పూటంతా ఇంట్లో ఆ బరువు కాలు పట్టుకుని చేయించేదెవరు? అమ్మే అయ్యుండాలి. నీ కథలో ఆవిడ టీ గ్లాసుతో రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది, నడుము నొప్పైనా లేదు. మూడో పేజీ నుంచి తిరగరాసి దీపావళి లోపల పంపు, ఆ తర్వాత నేను బెంగళూరులో మావాడి దగ్గరుంటా.