ముందు ఆవిడ మోకాళ్ల సంగతి చూడండి

ఉత్తరం (పేర్లు, వచనాలు తీసేసి, కుదించి వేస్తున్నాం): నాకు 64 ఏళ్లు. సబ్ ట్రెజరీలో పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. పిల్లల పెళ్లిళ్లయ్యాయి, అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి కువైట్‌లో ఉన్నారు. ఉద్యోగంలో ఉండగా మాచర్లకు బదిలీ అయినప్పుడు మా అమ్మ మంచాన పడింది. ఆ నాలుగేళ్లూ ప్రభువే చూసుకున్నాడు. అందుకే మిగిలిన జీవితం ఆయన సేవకే ఇవ్వాలని తీర్మానించుకున్నాను. ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెడుతున్నాం. ముప్పై మంది దాకా వస్తారు, అందరికీ భోజనం పెట్టి పంపుతాం. నాకు మందిరం కట్టే భారం ఉంది. ఊళ్లో ఐదు సెంట్ల స్థలం ఉంది గానీ అది మా మామగారు పసుపు కుంకుమ కింద ఇచ్చింది, నా భార్య పేరున ఉంది. ఆమె సంతకం పెట్టనంటోంది. ఆమెకు ఆత్మీయ ఆసక్తి తక్కువ. ప్రార్థన జరుగుతున్నా వంటింట్లోనే ఉండిపోతుంది, అడిగితే మోకాళ్ల నొప్పులని సాకు చెబుతుంది. ఈ వయసులో దేవుడు నన్ను వాడుకుంటాడా? బైబిలు కాలేజీలో చేరమంటారా, మందిరంతోనే మొదలుపెట్టమంటారా?
పల్నాడు జిల్లా నుంచి ఒక విశ్వాసి

జవాబు:

అన్నయ్యగారూ, వందనాలు.

వాడుకుంటాడు. అందులో సందేహం ఎందుకు? ఆ కొండసీమ నాకివ్వమని కాలేబు అడిగేనాటికి ఆయనకు 85 ఏళ్లు. ఫరో ముందు నిలబడేనాటికి మోషేకు 80. బైబిలు దాకా ఎందుకు, 1842లో గుంటూరు వచ్చి, తర్వాత మీ పల్నాడులోనే గురజాలలో మకాం పెట్టి పనిచేసిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌ను తీసుకోండి. రాజమండ్రి మిషన్ వేరేవాళ్ల చేతికి వెళ్లిపోతోందని 1869లో తెలిసి, 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి వచ్చాడు. మీకింకా 64. బైబిలు కాలేజీ మాట మాత్రం పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో పేరాకో వచనం ఉంది, మీకు లోటు వాక్యజ్ఞానం కాదు.

మీరడిగిన దానికి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. నన్ను ఆపింది మీరు అడగని సంగతి.

మీ ఉత్తరంలో పాస్టరుగారి పేరుంది, సంఘ పెద్దల పేర్లున్నాయి, కువైట్‌లో ఉన్న అల్లుడిగారి పేరుంది. మీ ఆవిడ పేరు లేదు. ఆమె ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఫిర్యాదే ఉంది.

శుక్రవారం ముప్పై మందికి భోజనం పెట్టి పంపుతాం అన్నారు. ఆ వంట ఎవరు చేస్తున్నారండీ? ముప్పై మందంటే మూడు కిలోల పైన బియ్యం. ముందురోజు రాత్రే కూరలు తరుక్కోవాలి, తెల్లారేసరికి పప్పు ఉడకాలి, అంత గిన్నెడు అన్నం పొయ్యి మీంచి దించి గంజి వార్చాలి. హాల్లో మీరు పాటలు పాడుతున్న వేళకు ఆమె ఆ గంజి వారుస్తూ ఉంటుంది. తర్వాత టీలు, ఆ తర్వాత అంట్లు. ప్రార్థనకు రాదని రాశారు. ఆమె వచ్చి చాప మీద కూర్చుంటే అన్నం దించేదెవరు? నొప్పులు సాకని అంటున్నారే, ఆ మోకాళ్లతో చాప మీద నుంచి లేవడం ఎంత కష్టమో ఒక్కసారైనా పక్కన నిలబడి చూశారా?

పనుల్లో మునిగిన మార్తను కాక, తన మాటలు వింటూ కూర్చున్న మరియను యేసు మెచ్చుకున్న కథ ఎత్తకండి. మార్త విస్తారమైన పని తనంతట తానే పెట్టుకుంది. మీ ఇంట్లో ఆ పని పెట్టింది మీరు.

ఇంకో మాట నా మనసును చాలా నొప్పించింది. అమ్మగారు మంచాన పడ్డ నాలుగేళ్లూ ప్రభువే చూసుకున్నాడని సాక్ష్యం రాశారు. ప్రభువే చూసుకున్నాడు, నేనూ విశ్వాసినే, కాదనను. కానీ మీరు మాచర్లలో ఉన్నారు. ఆవిడకు పక్కబట్టలు మార్చింది, ఒళ్లు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టింది, చెంచాతో జావ పట్టింది మీ భార్య. అది సేవ కాకపోతే మరేది సేవ? సంఘంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మైకులో పేరు చదవలేదు. మీరు రెండేళ్ల నుంచి వెతుక్కుంటున్న పరిచర్యలో ఆమె ఎప్పటినుంచో ఉంది. పైగా మీరు 62కి రిటైరయ్యారు, ఆమెకు ఇంకా విశ్రాంతి దొరకలేదు. అలాంటి మనిషికి ఆత్మీయ ఆసక్తి తక్కువని బయటివాళ్లకు ఉత్తరం రాశారు.

పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం ఏడో వచనం తీయండి. భర్తకు లోబడమని భార్యలకు చెప్పిన వచనాలు మన మగవాళ్లకు నోటికి వస్తాయి, ఈ ఏడో వచనం దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. భార్యను సన్మానించమని అక్కడ భర్తలకు చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు, మీ ప్రార్థనలకు అభ్యంతరం రాకుండా. మీరు శుక్రవారం శుక్రవారం పొద్దున్నుంచీ ఉపవాసం ఉండి చేస్తున్న ప్రార్థన గురించే ఆ మాట.

ఇక స్థలం. అది ఆమెది. పుట్టింటివాళ్లు ఇచ్చింది. మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, పెళ్లి చేసుకున్నంత మాత్రాన భార్య ఆస్తిలో భర్తకు హక్కు పుట్టదు. ఆమె సంతకం పెట్టనంటే అది తిరుగుబాటు కాదు, అవిశ్వాసం కాదు. మీ తర్వాత ఆమె చేతికొచ్చేది ఫ్యామిలీ పెన్షన్. అది మీ పెన్షన్‌కన్నా ఎంత తగ్గుతుందో ట్రెజరీలో పనిచేసిన మీకు నేను చెప్పాలా? బెంగళూరు కోడలి దగ్గరా, కువైట్ అల్లుడి దగ్గరా చెయ్యి చాపకుండా బతకడానికి ఆమెకున్న ధైర్యం ఆ ఐదు సెంట్లే. తల్లిదండ్రులకు దక్కాల్సింది కొర్బాను, అంటే దేవుడికి అర్పించేశాం అని ఆయన పేరు పెట్టి ఎగ్గొట్టినవాళ్లను ప్రభువు ఎలా గద్దించాడో మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. తల్లిదండ్రుల గురించి చెప్పిన మాట భార్యకు వర్తించదని వాదించకండి. సంతకం కోసం పాస్టరుగారి చేత, సంఘ పెద్దల చేత చెప్పించే ఆలోచన ఉంటే వెంటనే మానుకోండి. నలుగురినీ కూర్చోబెట్టి ఆడమనిషి చేత దేవుడి పేరున సంతకం పెట్టించడం నా దృష్టిలో పాపం. ఆ స్థలం మీద కట్టిన మందిరంలో నేనైతే మోకరించలేను.

మీకు మందిరం లేకపోవడం లోటేమీ కాదు. పౌలుతో కలిసి పనిచేసిన దంపతులు అకుల, ప్రిస్కిల్ల. వాళ్ల ఇంట్లోనే సంఘం కూడేది. ఇద్దరూ కలిసి డేరాలు కుట్టారు, ఇద్దరూ కలిసి అపొల్లో అనే బోధకుడికి దేవుని మార్గం విశదపరిచారు. పౌలు వాళ్లకు వందనాలు రాస్తూ ప్రిస్కిల్ల పేరే ముందు రాశాడు. మీ ఇంట్లోనూ సంఘం కూడుతోంది, కానీ మీ ఇంటి ప్రిస్కిల్ల పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

వచ్చే శుక్రవారం భోజనాలు ఆపేయండి. వచ్చేవాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి. ఉపవాస ప్రార్థన తర్వాత ఎవరింటికి వాళ్లు వెళ్లి తింటారు, లేదా తలా ఒక గిన్నె తెచ్చుకుంటారు. ఆమె కోసం హాల్లో చాప కాదు, చేతులున్న కుర్చీ వేయండి. వస్తే సంతోషం, రాకపోతే ఎందుకు రాలేదని అడగవద్దు. ఈలోగా ఆమెను గుంటూరు తీసుకెళ్లి ఎముకల డాక్టరుకు చూపించండి. మీ హెల్త్ కార్డులో ఆమె పేరూ ఉండే ఉంటుంది, అది తీయండి. పిల్లల మీదో, పక్కింటి వాళ్ల మీదో పెట్టకుండా మీరే వెళ్లండి. ఆపరేషన్ అవసరమంటే ఆ తర్వాత కొన్నాళ్లు వంట మీదే, కసరత్తులు చేయించేదీ మీరే. అమ్మగారికి ఆమె చేసింది ఏమిటో అప్పుడు మీకు చేతులతో తెలుస్తుంది.

అయినా సేవ చేయాలన్న ఆరాటం ఆగకపోతే, యాకోబు పత్రిక విధవరాండ్రను పరామర్శించమంది. మీ సంఘంలో భర్త పోయి, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు కదలక తిరుగుతున్న ఆడవాళ్లు లేరా? ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో తెలియక పెన్షన్ ఆగిపోయిన ముసలివాళ్లు లేరా? ఆ ఫారాలన్నీ మీకు కంఠతా వచ్చు. వారానికి ఒక పూట చర్చి వరండాలో బల్ల వేసుకుని కూర్చోండి. ఎవరి దగ్గరా టీ డబ్బులు కూడా తీసుకోకండి. సువార్త చెప్పడానికి ఐదు సెంట్ల స్థలం అక్కర్లేదని అక్కడ మీకే అర్థమవుతుంది.

మళ్లీ ఉత్తరం రాస్తే సగం పేజీ ఆమెకు వదలండి. ఆమె ఏం రాసినా చదవకుండా, దిద్దకుండా కవరులో పెట్టి పంపండి. మందిరం సంగతి ఆమె మాట విన్నాకే మాట్లాడదాం.