కన్సల్టెంట్ బిల్లు పాస్ చేస్తే కేసు నా మీదికి వస్తుందా?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ మేనేజర్ని. మాది ఒక విదేశీ కంపెనీకి అనుబంధ సంస్థ. ప్రభుత్వ శాఖలకు పరికరాలు సరఫరా చేస్తాం. ఈమధ్య పెద్ద ఆర్డరు వచ్చిన కొద్ది రోజులకే ఒక కన్సల్టెంట్ ‘లైజన్ సర్వీసులు’ (అంటే ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు నడిపించడం) అని ఒక్క ముక్క రాసి బిల్లు పంపారు. డబ్బు తన ఖాతాకు కాకుండా వేరే సంస్థ ఖాతాకు వేయమంటున్నారు. మా డైరెక్టర్‌ని అడిగితే “జీఎస్టీ ఉంది, టీడీఎస్ కోస్తున్నాం, ఇంకేం కావాలి? పాస్ చేసేయండి” అన్నారు. ఏడాది చివర ‘అక్రమ చెల్లింపులేవీ జరగలేదు’ అని మాతృసంస్థకు సర్టిఫికెట్ ఇవ్వాల్సిందీ నేనే. ఒకవేళ లంచం వెళ్ళినా ఇచ్చింది నేను కాదు కదా. నాకేమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. బిల్లు చూడగానే మీకు అనుమానం వచ్చింది, పైవాళ్ళను అడిగారు కూడా. ఇక రేపు దర్యాప్తు అధికారి ముందు కూర్చుని ‘నాకేమీ తెలియదండీ’ అంటే నమ్మేవారుండరు.

ముందు మీ డైరెక్టర్ గారి మాట సంగతి. జీఎస్టీ కట్టడం, టీడీఎస్ కోయడం వల్ల చెల్లింపు సక్రమమైపోదు. ఆ బిల్లు మీద పన్ను లెక్క చూపించారని మాత్రమే అవి చెబుతాయి, డబ్బు ఎందుకు వెళ్ళిందో చెప్పవు. పైగా నేరమైన పనికి పెట్టిన ఖర్చును ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోనివ్వరు. చదువుకున్నవాళ్ళు కూడా ఈ టీడీఎస్ ధీమాతోనే ఎక్కువగా ఇరుక్కుంటారు.

మన అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018 జూలై 26న అమల్లోకి వచ్చిన సవరణలతో లంచం ఇచ్చేవాడి పరిస్థితి పూర్తిగా మారింది. అంతకుముందు, లంచం ఇచ్చానని సాక్ష్యం చెప్పినవాడి మీద ఆ మాట ఆధారంగా కేసు పెట్టకుండా 24వ సెక్షన్ అడ్డుండేది. దాన్ని ఎత్తేశారు. కొత్త 9వ సెక్షన్ ప్రకారం కంపెనీ తరఫున పనిచేసేవారు ఎవరైనా, ఉద్యోగి గానీ ఏజెంటు గానీ అనుబంధ సంస్థ గానీ, కంపెనీకి వ్యాపారం తేవడానికి ప్రభుత్వ ఉద్యోగి చెయ్యి తడిపితే కంపెనీ జరిమానా కట్టాలి. ‘ఆయన బయటి కన్సల్టెంట్’ అంటే సరిపోదు. ఇలాంటివి జరగకుండా తగిన కట్టుదిట్టాలు చేసుకున్నామని చూపించగలిగితేనే కంపెనీ బయటపడుతుంది. అప్పుడు కోర్టు మీ పాలసీ పుస్తకం ఎంత లావుందో చూడదు. ఈ బిల్లు వచ్చినప్పుడు ఎవరు ఆపారు, ఏం అడిగారు అని చూస్తుంది. తెలిసి ఒప్పుకున్న, లేదా చూసీచూడనట్లు వదిలేసిన డైరెక్టరుకు 10వ సెక్షన్ కింద మూడు నుంచి ఏడేళ్ళ జైలు, దానికితోడు జరిమానా.

మీ వరకు వచ్చేది 12వ సెక్షన్. సంగతి తెలిసీ సహకరిస్తే దాని కింద ప్రేరేపణ, అంటే నేరానికి తోడ్పడటం అవుతుంది, దానికీ మూడు నుంచి ఏడేళ్ళు జైలు. మోసగించే ఉద్దేశంతో ఖాతాలు తారుమారు చేస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 344వ సెక్షన్ వేరే ఉంది, ఏడేళ్ళ దాకా జైలు. ‘లైజన్ అని వద్దు, రవాణా ఖర్చుల్లో వేసేయండి’ అని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో లాగ్ ఉండి తీరాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు.

మాతృసంస్థ షేర్లు అమెరికా స్టాక్ మార్కెట్లో ఉంటే 1977 నాటి వాళ్ళ విదేశీ అవినీతి చట్టం మీ ఓచర్ల దాకా వస్తుంది. లంచం రుజువు కాకపోయినా, ఖాతాల్లో అబద్ధం రాస్తే అదే తప్పు. 2008లో అమెరికాలో జర్మన్ కంపెనీ సీమెన్స్ మాతృసంస్థ ఒప్పుకున్న నేరాలు ఖాతాలు సరిగా రాయకపోవడం, అంతర్గత నియంత్రణలు లేకపోవడం. అమెరికా, జర్మనీలకు కలిపి దాదాపు 160 కోట్ల డాలర్లు కట్టుకుంది. ఆ చట్టం అమలును 2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కొన్నాళ్ళు ఆపితే, ఇక భయం లేదని కొన్ని ఆఫీసుల్లో సంబరపడ్డారు. చట్టం రద్దు కాలేదు, మన చట్టం ఎటూ పోలేదు. బ్రిటన్ 2010 నాటి లంచాల నిరోధక చట్టమైతే ఇంకా గట్టిది. మామూలు పని త్వరగా కావడానికిచ్చే చిన్న మొత్తాలకు అమెరికా చట్టంలో ఉన్న వెసులుబాటు కూడా అందులో లేదు. మన దగ్గరా లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. బిల్లు పెండింగ్‌లో పెట్టి డైరెక్టర్‌కు మెయిల్ రాయండి, కంపెనీ సెక్రటరీకో కంప్లయన్స్ అధికారికో కాపీ పెట్టండి. ఒప్పందం కాపీ, చేసిన పని వివరాలు, రేటు ఎలా కుదిరింది, డబ్బు వేరే ఖాతాకు ఎందుకు, ఈ నాలుగూ అడగండి. ‘లంచం’ అనే మాట వాడొద్దు, రుజువు మీ దగ్గర లేదు. వెనకటి తేదీతో ఒప్పందం తెచ్చి ముందు పెడితే దాన్ని ఫైల్లో పెట్టకండి. జవాబు రాకపోతే మాతృసంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయండి.

ఎవరైనా ‘అధికారి బలవంతం చేశాడు, తప్పక ఇచ్చాం’ అంటే మన అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ ఇచ్చిన ఏడు రోజుల్లోగా దర్యాప్తు సంస్థకు చెప్పాలి. ఆర్డరు వచ్చాక తీరిగ్గా బిల్లు పెట్టి ఇచ్చేదాన్ని బలవంతం అని ఎవరూ నమ్మరు.

సర్టిఫికెట్‌లో ఈ బిల్లు మీద వివరణ రావాల్సి ఉందని ఒక వాక్యం చేర్చి సంతకం చేయండి. ఆ వాక్యం తీసేయమంటే సంతకం మానేయండి. మెయిళ్ళను మాత్రం మీ సొంత మెయిల్‌కు పంపుకోకండి, కంపెనీ సమాచారం బయటికి తీశారని మీ మీదే చర్య తీసుకోవచ్చు. తేదీ, సబ్జెక్టు లైను రాసి పెట్టుకుంటే చాలు. అసలు మెయిల్ సర్వర్లో ఉంటుంది, అవసరమైతే కోర్టు తెప్పించుకుంటుంది.