రెండు పూటలే పెట్టినా మా ల్యాబ్ (ల్యాబ్రడార్ కుక్క) ఎందుకు లావైందంటే

మీ నాలుగేళ్ల ల్యాబ్ 40 కిలోలు దాటిందనీ, రెండు పూటలే పెడుతున్నా తగ్గడం లేదనీ, ఇంట్లో పిల్లి కూడా బరువెక్కుతోందనీ రాశారు. మూడేళ్ల క్రితం మాకూ ఇదే టెన్షన్. కూకట్‌పల్లిలో మాది మూడో అంతస్తు. మా లక్కీ 38 కిలోలకు వచ్చాక మెట్లెక్కలేక సగంలోనే కూర్చుండిపోయేది.

డాక్టరుగారు ముందు థైరాయిడ్‌కి రక్త పరీక్ష చేయించారు. అందులో ఏమీ లేదు. అప్పుడు, వారం పాటు దాని నోట్లోకి వెళ్లే ప్రతిదీ రాయమన్నారు. ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. రెండు పూటల డాగ్ ఫుడ్ కాక, మావారి టీతో పాటు రెండు మేరీ బిస్కెట్లు, అత్తయ్య కలిపే పెరుగన్నం, బాబు చపాతీలో సగం, పనమ్మాయి పెట్టే రస్కు, ఆదివారం చికెన్ ముక్కలు! ఎవరికి వాళ్లం కొంచెమే పెట్టామనుకున్నాం. లక్కీ ఉండాల్సిన బరువు 30 కిలోలు. తగ్గేదాకా దానికి రోజంతటికీ సుమారు 900 కేలరీలే అన్నారు. చిరుతిండి అందులో పదో వంతు దాటకూడదు. నాలుగు మేరీ బిస్కెట్లతోనే ఆ లెక్క నిండిపోతుంది.

అత్తయ్యకి చెప్పడమే కష్టమైంది. "నోరులేని జీవి, అలా చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉండనమ్మా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ ప్రేమకి అడ్డుపడటం నాకూ ఇష్టం లేదు. అందుకని పొద్దున్నే రోజుకి సరిపడా డాగ్ ఫుడ్ తూచి, అందులోంచే ఒక గుప్పెడు చిన్న డబ్బాలో పోసి ఆవిడకి ఇచ్చేదాన్ని. లక్కీ అడిగినప్పుడల్లా ఒక్కో గింజ. ఆవిడ చేత్తో పెడితే చాలు, దానికి అదే పండగ. కీర ముక్కలు కూడా పెట్టేవాళ్లం. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ మాత్రం కుక్కలకి విషం, వాటి జోలికి పోకండి.

దాదాపు నాలుగింట ఒక వంతు ల్యాబ్‌లలో ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. అలాంటి కుక్కలకి తిన్న కాసేపటికే మళ్లీ ఆకలేస్తుంది. కాబట్టి దాని చూపుని బట్టి కాదు, తూకాన్ని బట్టే పెట్టండి.

మాకు 8 నెలలు పట్టింది. వారానికి ఒంటి బరువులో ఒక శాతం తగ్గినా మంచిదే. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే, మన అరచేతి వెనకవైపు ఎముకలు తగిలినట్టు తగలాలి. నడక మంచిదే కానీ మాకు బరువు తగ్గింది ముఖ్యంగా తిండితోనే. ఎండాకాలంలో మాత్రం తెల్లవారుజామునే తిప్పండి, లావు కుక్కకి వడదెబ్బ త్వరగా తగులుతుంది.

పిల్లిని ఎప్పుడూ పస్తు పెట్టకండి. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో పేరుకుపోయి ప్రాణం మీదికొస్తుంది. గిన్నె నింపి వదిలేయకుండా, డాక్టరు చెప్పినంత తూచి, నాలుగైదు సార్లుగా పెట్టండి. ఆ గిన్నె మీ ల్యాబ్‌కి అందనంత ఎత్తులో ఉంచండి. మా లక్కీ పక్కింటి పిల్లి గిన్నె కూడా రోజూ ఖాళీ చేస్తోందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.